పెళ్లిలో సంగీతం ఎవరి మాట వినాలి?

పెళ్లి కుదిరిన ఇంట్లో సంగీతం గురించిన చర్చ సాధారణంగా పాటల జాబితాతో మొదలవుతుంది. పెళ్లికూతురు మండపంలోకి వచ్చేటప్పుడు ఏ పాట వేయాలి, తలంబ్రాలకు ఏది బాగుంటుంది, రిసెప్షన్‌కు ఆర్కెస్ట్రాను పిలవాలా డీజేను పిలవాలా అని ఇంటిల్లిపాదీ వాదించుకుంటారు, ఒకరికొకరు ఫోన్లలో పాటలు పంపుకుంటారు. తీరా ముహూర్తం వేళకు పురోహితుడు మంత్రం చెబుతూ ఉండగానే, వీడియో తీసే వ్యక్తి చేయి ఊపడం చూసి సౌండ్ సిస్టమ్ దగ్గరి కుర్రవాడు సినిమా పాట పెడతాడు. మేళం వారు తాము ఆగాలో వాయించాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెట్టిన క్షణం ఎప్పుడు వచ్చి ఎప్పుడు దాటిపోయిందో ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మకు కూడా తెలియదు. ఎంచుకున్న పాటలన్నీ మంచివే అయి ఉండవచ్చు. ఆ ఘట్టంలో సంగీతం ఎవరి మాట వినాలో మాత్రం ఎవరూ ముందుగా తేల్చుకోలేదు.

తెలుగువారి పెళ్లిలో సంగీతానికి రెండు వేర్వేరు పనులున్నాయి. తంతులో అది కబురు చెబుతుంది, విందులో తోడుగా కూర్చుంటుంది. కబురు చెప్పే సంగీతానికి పురోహితుడే యజమాని. తోడుగా ఉండే సంగీతానికి వచ్చిన అతిథులే యజమానులు. ఈ రెండింటినీ కలిపేసి, ఒకే సౌండ్ సిస్టమ్‌కు, ఒకే మనిషికి, ఒకే పాటల జాబితాకు అప్పగించడం వల్లనే మన పెళ్లిళ్లలో సంగీతం ఇంత ఖర్చయీ అంత చికాకు తెస్తున్నదని నా అభిప్రాయం.

గట్టిమేళం చేసే పని

ముందుగా తంతు సంగతి చూద్దాం. ముహూర్తం దగ్గరపడుతున్నప్పుడు మేళం వారు ఒక రాగం ఆలాపిస్తూనో, ఒక కీర్తన వాయిస్తూనో ఉంటారు. పురోహితుడు ‘గట్టిమేళం’ అని కేక వేయగానే, లేదా చేయి పైకెత్తి సైగ చేయగానే, వాయిస్తున్నది పల్లవిలో ఉన్నా చరణంలో ఉన్నా అక్కడికక్కడే వదిలేస్తారు. డోళ్లు ఒక్కసారిగా వేగం అందుకుంటాయి, సన్నాయి పై స్థాయికి వెళుతుంది. ఆ కొద్దిపాటి హోరుకు పెద్దలు చెప్పే కారణం తెలిసినదే: శుభక్షణంలో తుమ్ము, ఏడుపు, అశుభమైన మాట ఏదీ వధూవరుల చెవిన పడకూడదు. ఆ నమ్మకం ఉన్నవారికీ లేనివారికీ కూడా ఆ హోరు మరొక మేలు చేస్తుంది. వంటల దగ్గర ఉన్న మేనత్తకు, గేటు దగ్గర కార్లు సర్దిస్తున్న బాబాయికి, కుర్చీలో కునుకు తీస్తున్న తాతయ్యకు ఒకేసారి కబురు అందుతుంది. అందరూ లేస్తారు, అక్షింతలు అందుకుంటారు, వధూవరుల వైపు తిరుగుతారు. వేయిమంది ఉన్న సభను ఒక్క క్షణంలో ఒకే చోటికి మళ్లించగల సాధనం మనకు అది తప్ప మరొకటి లేదు.

రికార్డు చేసిన పాట ఈ పని చేయలేదు. పాటకు దాని సొంత నిడివి ఉంటుంది, మొదలు ఉంటుంది, ముగింపు ఉంటుంది. ముహూర్తానికీ ఒక నిర్ణీత సమయం ఉంటుంది గానీ, దానికి ముందు మంత్రం ఎంతసేపు సాగుతుందో, అడ్డుతెర ఎప్పుడు తీస్తారో, మంగళసూత్రం పెద్దలందరి చేతులకూ తాకి తిరిగి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో పురోహితుడికి కూడా ముందుగా తెలియదు. నాలుగు నిమిషాల పాట పెడితే, అది మంచి చోటుకు వచ్చేసరికి సూత్రధారణ అయిపోయి ఉంటుంది, లేదా పాట అయిపోయాక మూడుముళ్లు పడతాయి. ఎదుట ఉండి, చూసి, ఆగి, అందుకోగలిగిన మనిషే ఇక్కడ వాయించాలి. సినిమా పాట మీద ఎంత ఇష్టం ఉన్నా, జీలకర్ర బెల్లానికీ మాంగల్యధారణకూ మాత్రం దానిని పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను.

తంతులో కొన్ని చోట్ల అసలు సంగీతమే ఉండకూడదు. కన్యాదానం ముందు రెండు వంశాల గోత్రాలూ ప్రవరలూ చెబుతూ, ఫలానా వారి మునిమనుమడు, ఫలానా వారి మనుమడు, ఫలానా వారి కుమారుడు అని మూడు తరాల పేర్లు సభలో వినిపిస్తారు. ఏనాడో కన్నుమూసిన ముత్తాత పేరు మళ్లీ నలుగురి మధ్య పలికే సందర్భాలు ఒక కుటుంబానికి ఎన్నో ఉండవు. ఆ పేర్ల మీద మరే శబ్దమూ పడకూడదు. హోమం దగ్గరా సప్తపది దగ్గరా ఇదే మాట. వధూవరులు వేసే ఏడడుగులకు ఏడు మంత్రాలున్నాయి. పురోహితుడు వాటి అర్థం తెలుగులో చెప్పేవారైతే, అది అందరికీ వినబడేలా మైకు ఆయనకివ్వాలి, మేళం ఆపాలి.

ఇందుకు భిన్నంగా తలంబ్రాలు తంతులోని ఆట. అక్కడ పురోహితుడే చిరునవ్వుతో పక్కకు జరుగుతాడు. పడుచువాళ్లు కోరిన పాటలకు అదే సరైన చోటు. అన్నమయ్య ‘పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు’ నుంచి నిన్నమొన్నటి సినిమా పాట దాకా ఏదైనా అక్కడ ఇముడుతుంది. పెళ్లికూతురిని మేనమామలు గంపలో తెచ్చే ప్రవేశం కూడా అలాంటిదే కానీ, అది ఒకటి రెండు నిమిషాల వ్యవహారం. కాబట్టి అక్కడికి పాట మొత్తం అవసరం లేదు, బాగున్న ఒక చరణం చాలు. కొన్ని పాటలు తరాలు మారినా నిలిచి ఉండటానికి కారణం కూడా గమనించదగినది. 1961లో వచ్చిన ‘సీతారామ కల్యాణం’ చిత్రంలోని ‘సీతారాముల కల్యాణము చూతము రారండి’ అనే పాట పెళ్లికి రమ్మని పిలుస్తుంది, జరుగుతున్నది చూపిస్తుంది. ఆ పాట తంతు పక్కన నిలబడి తంతు గురించే మాట్లాడుతుంది. ప్రేమికుల ఆరాటం గురించిన పాటలు ఎంత మధురమైనవైనా మండపంలో ఎబ్బెట్టుగా వినిపించడానికి కారణం అవి ఇద్దరి మధ్య మాటలు కావడమే, అందుచేత వాటికి రిసెప్షనే తగిన చోటు.

మేళం కుదుర్చుకునే ముందు

మన వాడుకలో సన్నాయి అన్నా నాదస్వరమన్నా పెళ్లి మేళంలోని ఆ పొడవాటి వాద్యమే. సుమారు రెండున్నర అడుగుల గొట్టం, రెల్లుతో చేసిన పీక, కింద గంట ఆకారంలో విచ్చుకున్న అనుసు దాని రూపం. పక్కన డోలును ఒకవైపు కర్రతోనూ మరొకవైపు గట్టి తొడుగులు వేసుకున్న వేళ్లతోనూ వాయిస్తారు. ఇవి గుడి వీధుల్లో, స్వామి ఊరేగింపులో, ఆరుబయట దూరానికి వినబడటానికి పుట్టిన వాద్యాలు. ఈ ఒక్క సంగతి మరచిపోవడం వల్ల ఏసీ ఫంక్షన్ హాళ్లలో ఎంత బాధ కలుగుతున్నదో చెప్పలేను. నాలుగు గోడల మధ్య, తక్కువ ఎత్తున్న కప్పు కింద, నాదస్వరం ముందు మైకు పెట్టి, ఆ శబ్దాన్ని పెద్ద స్పీకర్లలోకి పంపితే అది సంగీతంగా మిగలదు. మామూలు హాలులో మేళానికి మైకు అవసరమే లేదు. మైకు పురోహితుడికి కావాలి. చాలా పెద్ద కన్వెన్షన్ హాలు అయితే వెనుక వరుసల కోసం మాత్రం కొద్దిగా వినిపించేలా చూసుకోవచ్చు.

మేళం వారిని ఎక్కడ కూర్చోబెడతారన్నది ఆ తర్వాతి ప్రశ్న, పాటల ఎంపిక కన్నా ఇది ముఖ్యం. పూల అలంకరణ చేసేవారు మేళాన్ని ఏ మూలకో, తెర వెనక్కో నెట్టివేయడం ఇప్పుడు మామూలైపోయింది. పురోహితుడి చేయి కనబడని చోట కూర్చున్న సన్నాయి విద్వాంసుడు గట్టిమేళం ఎలా అందుకుంటాడు? మండపానికి ఒక పక్కగా, పురోహితుడికి ఎదురుగా, పది పదిహేను అడుగుల దూరంలో చిన్న వేదిక వేయించాలి. అలంకరణ వారితో మాట్లాడేటప్పుడే ఈ మాట చెప్పి, వారు గీసే నమూనాలో ఆ చోటు చూపించమనాలి.

రాగాల విషయంలో విద్వాంసులకే వదిలేయడం మర్యాద, అయినా కొంత తెలిసి ఉంటే వారితో మాట్లాడటం సులువవుతుంది. ఆరంభానికి నాట, గౌళ, హంసధ్వని వాయిస్తారు. తెల్లవారుజాము ముహూర్తమైతే భూపాళం, బౌళి వంటివి వేళకు అమరుతాయి, సాయంకాలానికి కల్యాణి, పూర్వీకల్యాణి నిండుగా ఉంటాయి. ఆనందభైరవి మన ఆడవారి పెళ్లి పాటల్లో, హారతుల్లో ఎంతగా కలిసిపోయిందంటే, అది వినబడగానే శాస్త్రీయ సంగీతం తెలియని వారికి కూడా ఇల్లు గుర్తుకొస్తుంది. త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోని ‘సీతాకల్యాణ వైభోగమే’ కురంజి రాగంలో ఉంది, దానిని అడిగితే వాయించని మేళం ఉండదు. ముగింపుకు మధ్యమావతి, సురటి, సౌరాష్ట్రం ఉన్నాయి. శుభపంతువరాళి, ముఖారి వంటి కరుణ పలికే రాగాలను పెళ్లిలో వాయించకపోవడం విద్వాంసులు తమంతట తాము పాటించే నియమం. వారితో ఇలా మాట్లాడగలిగితే మరొక ప్రయోజనం కూడా ఉంది. పెళ్లివారికి వినాలన్న కోరిక ఉందని తెలిసిన మేళం వేరేగా వాయిస్తుంది. మూడు గంటలపాటు ఎవరూ పట్టించుకోని సభలో, సినిమా పాటల మధ్య ఖాళీలు నింపమన్నట్టు కూర్చోబెడితే వారు కూడా ఖాళీలే నింపుతారు.

ఈ విద్య తెలుగునాట ఎవరి చేతుల్లో నిలిచిందో తెలుసుకోవడం కూడా ఎంపికలో భాగమే. ఆలయాలనూ పెళ్లి పందిళ్లనూ నమ్ముకుని తరతరాలుగా దీనిని పట్టి ఉంచినవారిలో నాయీబ్రాహ్మణ కుటుంబాలు ఉన్నాయి. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టి, తర్వాత శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా దేశమంతా గౌరవించిన నాదస్వర విద్వాంసుడు. 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులు కూడా తెలుగు నేల నుంచి వెళ్లినవారే. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నాదస్వరం, డోలు నేర్పే పాఠశాలను నడుపుతున్నది. కాబట్టి మంచి మేళం కావాలనుకునేవారు ఫంక్షన్ హాలు మేనేజరు ఇచ్చే ఫోన్ నంబరుతో సరిపెట్టుకోకుండా, దగ్గరి పెద్ద ఆలయంలో సేవకు వాయించేవారిని అడగాలి, వీలైతే ఉత్సవం రోజున వెళ్లి స్వయంగా విని రావాలి.

కుదుర్చుకునేటప్పుడు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఎందరు వస్తారో, అందులో నాదస్వరాలు ఎన్నో, డోళ్లు ఎన్నో, శ్రుతికీ తాళానికీ మనుషులున్నారో, లేక శ్రుతి పెట్టెతో సరిపెడతారో అడగాలి. క్లారినెట్, శాక్సఫోన్ కలిపే మేళాలూ ఉన్నాయి, అవి కావాలో వద్దో ముందే చెప్పాలి. మనవారి ముహూర్తాలు తరచుగా అర్ధరాత్రి దాటాక ఉంటాయి కనుక, సాయంత్రం ఎదురుకోలు నుంచి తెల్లవారుజామున మాంగల్యధారణ దాకా వారు ఎన్ని గంటలు వాయించాలో, మధ్యలో ఎక్కడ విశ్రాంతి తీసుకోవాలో లెక్క వేయాలి. ఊపిరి మీద నడిచే వాద్యమది. రాత్రి పదకొండుకు అందరి భోజనాలూ అయ్యాక మిగిలింది పెడదాం అనుకునే పెళ్లివారు, రెండు గంటల ముహూర్తానికి ఆ మనిషి నిండు ఊపిరితో గట్టిమేళం వాయించాలని ఎలా ఆశిస్తారు? మేళం వారి భోజనం వేళను పెళ్లి పనుల పట్టికలో రాసి పెట్టుకోవడం సంగీతం ఎంపికలో భాగమని నేను నమ్ముతాను.

ఇతర మతాల వారి పెళ్లిళ్లలో తంతుకూ విందుకూ మధ్య ఈ గీత మరింత స్పష్టంగా ఉంటుంది. చర్చిలో జరిగే తెలుగు క్రైస్తవ వివాహంలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల నుంచి ‘దేవర నీ దీవెనలు’ వంటివి సంఘమంతా కలిసి పాడుతుంది. అక్కడ ఏ కీర్తన ఎప్పుడన్నది పాస్టరు గారితో కూర్చుని తేల్చుకోవాలి. ముస్లింల నిఖాలో ఖుత్బా అనే ప్రసంగం, దువా అనే ప్రార్థన ఉంటాయి తప్ప సంగీతం ఉండదు. హైదరాబాదు బారాత్‌లలో, అంటే పెళ్లి ఊరేగింపుల్లో, మోగే మర్ఫా అనే డప్పుల మేళం నిఖాకు బయటి సంబరం.

రాత్రి ముహూర్తమూ, పది గంటల నిబంధనా

ఇక్కడ చట్టం అడ్డు వస్తుంది, దీనిని చాలామంది ఆఖరి రోజున పోలీసులు వచ్చేదాకా పట్టించుకోరు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. లౌడ్‌స్పీకర్లతో పాటు వాద్యాలు కూడా ఆ నిషేధంలోకి వస్తాయి. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు వంటి మూసి ఉన్న ప్రాంగణాల్లో, లోపలి వారికి వినిపించేంత వరకే మినహాయింపు ఉంది. నివాస ప్రాంతాల్లో ఉండవలసిన శబ్ద పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్. పగటిపూటైనా బహిరంగంగా లౌడ్‌స్పీకరు వాడాలంటే రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. సంవత్సరంలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది సాంస్కృతిక, మతపరమైన పండుగ సందర్భాలకు ఉద్దేశించినది. ఒక ఇంటి పెళ్లికి దానిని నమ్ముకోకూడదు.

దీని ఫలితం ఏమిటంటే, అపార్టుమెంటు ఆవరణలో షామియానా వేసి రాత్రి ఒంటిగంట ముహూర్తం పెట్టుకున్నవారు మైకునూ మేళాన్నీ నమ్ముకుంటే చిక్కులో పడతారు, ఎందుకంటే షామియానా మూసి ఉన్న ప్రాంగణం కింద లెక్కకు రాదు. అర్ధరాత్రి ముహూర్తమైతే గోడలూ తలుపులూ ఉన్న హాలు తీసుకోవాలి. ఎదురుకోలు, ఊరేగింపు, తెలంగాణ పెళ్లిళ్లలో డప్పుల తీన్‌మార్‌తో సాగే బారాత్ వంటి వీధి సంబరాలను రాత్రి 10 లోపు ముగిసేలా అమర్చుకోవాలి. పక్క ఫ్లాట్‌లో పరీక్షకు చదువుకునే పిల్ల ఉండవచ్చు, ఆపరేషన్ చేయించుకుని వచ్చిన పెద్దాయన ఉండవచ్చు. వారి శాపనార్థాలతో మొదలయ్యే కాపురం ఎవరికి కావాలి? బారాత్‌కు డీజే బండి బదులు డప్పుల బృందాన్ని పిలిస్తే వీధి దాటాక శబ్దం తగ్గుతుంది, ఆడేవారికి ఉత్సాహమూ తగ్గదు. డప్పు ఎదుటివారి అడుగు చూసి దరువు మారుస్తుంది, డీజే బండి అది చేయలేదు.

రిసెప్షన్: అతిథుల చెవులు

రిసెప్షన్‌లో జరిగేదేమిటో ఒకసారి నిలబడి చూస్తే అక్కడ ఏ సంగీతం కావాలో దానంతట అదే తెలుస్తుంది. మన రిసెప్షన్‌లో వధూవరులు రెండు మూడు గంటలపాటు వేదిక మీద నిలబడతారు. అతిథులు వరుసలో వచ్చి, తమ పేరు చెప్పి, ఆశీర్వదించి, ఫొటో దిగి వెళతారు. కింద కూర్చున్నవారు ఏళ్ల తరబడి కలవని బంధువులతో మాట్లాడుకుంటారు. అంటే అక్కడి ప్రధానమైన పని మాట. పెళ్లికొడుకు తల్లి ‘ఈయన మీ మామయ్య గారికి చిన్ననాటి స్నేహితులు’ అని పరిచయం చేస్తుంటే, వేదికకు రెండు వైపులా నిలబెట్టిన స్పీకర్ల హోరులో కొత్త కోడలికి ఆ మాట వినబడదు. ఆమె నవ్వి తల ఊపుతుంది. రెండేళ్ల తర్వాత ఆయన ఇంటికి వస్తే గుర్తుపట్టలేదని మాట పడుతుంది. ఇలాంటిది నేను మా బంధువుల ఇంటనే చూశాను.

శబ్దం లెక్క కొంచెం తెలుసుకోవాలి. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే గొంతు సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. నేపథ్య సంగీతం అంతకు మించగానే గొంతు పెంచాలి. అందరూ గొంతు పెంచగానే డీజే శబ్దం ఇంకా పెంచుతాడు. పనిచేసే చోట్ల వినికిడి రక్షణకు వాడే ప్రసిద్ధమైన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలు భరించవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికల కోసం ఇచ్చిన ప్రమాణం కూడా 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని చెబుతుంది. పెద్ద స్పీకరు ముందు వరుసలో, పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఫోన్‌లోని శబ్ద కొలమానం యాప్ కచ్చితంగా ఉండకపోయినా, ఎక్కువో తక్కువో తెలియడానికి సరిపోతుంది.

శబ్దాన్ని అదుపు చేయడానికి ఖర్చు పెంచనక్కరలేదు. వేదిక పక్కన రెండు భారీ స్పీకర్లకు బదులు, హాలు పొడవునా చిన్న స్పీకర్లు ఎక్కువ సంఖ్యలో, తక్కువ శబ్దంతో పెట్టమనాలి. ఆరుబయట అయితే స్పీకరు నుంచి దూరం రెట్టింపైనప్పుడు శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే ఒకే చోట నుంచి చివరి వరుసకు వినిపించాలనుకున్నప్పుడు ముందు వరుసవారే మూల్యం చెల్లిస్తున్నారు. స్పీకర్ల ముఖం వేదిక నుంచి పక్కకు తిప్పాలి. వృద్ధులకు వేసే కుర్చీలు వాటికి దూరంగా ఉండాలి. భోజనాల చోట అసలు స్పీకరే వద్దు.

ఇక ఏ సంగీతం అన్నది. మొదటి రెండు గంటలకు మాట లేని సంగీతం మేలు. వీణ, వేణువు, వయొలిన్, ఒక తబలా లేదా మృదంగం ఉన్న చిన్న బృందం పాత సినిమా పాటల వరుసలు వాయిస్తే, తెలిసినవారు లోలోపల పాడుకుంటారు, మాట్లాడుకునేవారు మాట్లాడుకుంటారు. పాటలో మాటలున్నప్పుడు చెవి దాని వెంట పోతుంది, ఎదుటి మనిషి మాటతో పోటీ వస్తుంది. గాయకులతో ఆర్కెస్ట్రా కావాలనుకుంటే, పాటకూ పాటకూ మధ్య వ్యాఖ్యానం వద్దని ముందే చెప్పాలి. పల్లెల్లో కట్నాల చదివింపులు మైకులో జరిగే చోట ఆ సమయంలో సంగీతం ఆగాలి. చదివింపు వినబడకపోతే ఇచ్చినవారు చిన్నబుచ్చుకుంటారు. పెద్దలు భోజనం చేసి వెళ్లాక, చివరి గంట పడుచువారిది. అప్పుడు డీజే వచ్చి ఆడించవచ్చు, హాలు తలుపులు మూసి ఉంచాలి. అలా సమయాన్ని విడదీస్తే రెండు తరాలూ ఒకదాని మీద ఒకటి ఫిర్యాదు చేయవు.

పాటల జాబితా రాసేటప్పుడు కావలసినవాటి కన్నా వద్దన్నవాటి జాబితా ఎక్కువ పనికొస్తుంది. రెండు కుటుంబాలనూ విడివిడిగా అడగాలి. ఒక ఇంట్లో ఇటీవల పోయిన మనిషికి ఇష్టమైన పాట, మరొక ఇంట్లో ఎవరినో నొప్పించే పాట ఉండవచ్చు. బాణీ హుషారుగా ఉండి, మాటలు విరహమో వెక్కిరింతో అయిన సినిమా పాటలు మనకు చాలా ఉన్నాయి. పల్లవి తెలిసినంత మాత్రాన సరిపోదు, చరణాలు కూడా ఎవరో ఒకరు పూర్తిగా విని చూడాలి.

రాయల్టీ, ప్రసారం, విదేశాల్లో పెళ్లి

పెళ్లిలో సినిమా పాటలు వేస్తే లైసెన్సు రుసుము కట్టాలా అన్న ప్రశ్న హోటళ్లలో తరచుగా ఎదురవుతుంది. 1957 కాపీరైటు చట్టంలోని 52(1)(జెడ్ఏ) నిబంధన మతపరమైన కార్యక్రమాల్లో వినిపించే సంగీతాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర సాంఘిక వేడుకలు కూడా అందులోకి వస్తాయని ఆ నిబంధన కిందనే వివరణ ఉంది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వంలోని పారిశ్రామిక విభాగం పెళ్లిళ్లకు రాయల్టీ వసూలు చేయరాదని బహిరంగ ప్రకటన కూడా ఇచ్చింది. అయినా వేదిక యాజమాన్యం తన ఒప్పందంలో లైసెన్సు తెమ్మని రాసుకుని ఉండవచ్చు. బుకింగ్ కాగితం మీద సంతకం పెట్టే ముందే ఆ వాక్యం ఉందో లేదో చూసి, ఉంటే ఈ నిబంధన చూపించి మాట్లాడుకోవాలి.

ఈ మినహాయింపు పెళ్లి పందిరి వరకే. పెళ్లిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేస్తూ వెనుక సినిమా పాట వేస్తే, అక్కడి యంత్రాంగం పాటను గుర్తుపట్టి శబ్దాన్ని తీసేయవచ్చు, ప్రసారాన్నే ఆపేయవచ్చు. డల్లాస్‌లో తెల్లవారుజామున లేచి కూర్చున్న అన్నయ్యకు సరిగ్గా మాంగల్యధారణ వేళకు తెర మూగబోతుంది. ఎదురుగా కూర్చుని వాయించే మేళంతో ఈ ఇబ్బంది చాలా తక్కువ, త్యాగయ్య, అన్నమయ్య రచనల మీద ఎవరికీ హక్కులు మిగిలి లేవు కూడా. అదే కీర్తనను ఒక కంపెనీ విడుదల చేసిన రికార్డు నుంచి వినిపిస్తే ఆ రికార్డు మీద హక్కులు వేరే ఉంటాయని గుర్తుంచుకోవాలి.

విదేశాల్లో పెళ్లి చేసుకునే తెలుగువారికి సమస్య మరొక వైపు నుంచి వస్తుంది. అమెరికాలో నాదస్వరం వాయించేవారు దొరకడం కష్టం, దొరికినా దూరం నుంచి రావాలి. అందుచేత రికార్డు చేసిన మంగళవాద్యంతో గడుపుకోవడం తప్పదు. అలాంటప్పుడు గంట నిడివి ఉన్న ఒకే ట్రాక్ పెట్టి వదిలేయకుండా, నిదానంగా సాగే వాద్యం ఒక ఫైలుగా, గట్టిమేళం మరొక ఫైలుగా విడిగా ఉంచుకోవాలి. సంగీతం మీద కాస్త అవగాహన ఉన్న బంధువు ఒకరికి ఆ పని ఒక్కటే అప్పగించి, పురోహితుడి చేయి కనబడే చోట కూర్చోబెట్టాలి. ఆ ఫోన్‌కు కాల్స్ రాకుండా విమానం మోడ్‌లో ఉంచాలి. ముందు రోజు పురోహితుడితో ఒక్కసారి సైగలు సరిచూసుకుంటే, మేళం లేని లోటు పూర్తిగా తీరకపోయినా క్షణం మాత్రం తప్పిపోదు.

ఇంటి ఆడవారి పాటలు

ఇప్పటిదాకా డబ్బిచ్చి తెచ్చుకునే సంగీతం గురించే చెప్పాను. నాకు అన్నిటికన్నా ఎక్కువ పట్టింపు ఉన్నది ఇంట్లోనే ఉన్న సంగీతం మీద. నలుగు పెట్టేటప్పుడు, మంగళస్నానం చేయించేటప్పుడు, బంతులాటకు, వియ్యాలవారిని మేలమాడటానికి, గుమ్మం దగ్గర కొత్త దంపతులను ఆపి పేర్లు చెప్పించడానికి, హారతికి, అప్పగింతలకు మన అమ్మమ్మలూ నాయనమ్మలూ వేర్వేరు పాటలు పాడేవారు. ఆ పాటలు ఊరికీ ఊరికీ, ఇంటికీ ఇంటికీ కొంత మారుతూ ఉంటాయి. గోదావరి జిల్లాల్లో పాడే వియ్యాలవారి పాటకూ కరీంనగర్ వైపు పాడేదానికీ మాటల్లోనే కాదు, చమత్కారంలోనూ తేడా ఉంటుంది. వాటిలో చాలావరకు ఎవరి పుస్తకంలోనూ లేవు. నలుగు రోజున పసుపు రాస్తూ ఫోన్‌లో సినిమా పాట పెట్టుకున్న ఇంట్లో, పక్క గదిలో ఆ పాటలన్నీ వచ్చిన మనిషి మౌనంగా కూర్చుని ఉండటం నన్ను కలచివేస్తుంది. ఆమెను ఎవరూ అడగలేదు, అడగకుండా ఆమె పాడదు.

అందుచేత పెళ్లికి నెల రోజుల ముందే ఆమె దగ్గర కూర్చోవాలి. ఏ ఘట్టానికి ఏ పాట ఉందో అడిగి, మాటలు రాసుకోవాలి, గొంతు రికార్డు చేసుకోవాలి. మనుమరాళ్లు ఇద్దరు ముగ్గురు కనీసం రెండు పాటలు నేర్చుకుని వంత పాడితే ఆమెకు ధైర్యం వస్తుంది. ఈ పాటలకు వాద్యం అక్కరలేదు, మైకు కూడా చాలా చోట్ల అక్కరలేదు. మేళం వారికీ సౌండ్ సిస్టమ్ వారికీ మాత్రం ఆ వేళలు ముందే చెప్పి ఉంచాలి. ముఖ్యంగా అప్పగింతల వేళ. పిల్ల చేతులను పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతున్నప్పుడు వీడియో కోసం ఏడిపించే సినిమా పాట వేయడం ఇప్పుడు రివాజైంది. ఆ ఒక్క పావుగంటకు స్పీకర్ల స్విచ్ ఆపేయమని, పెళ్లి పనుల పట్టికలో ఎర్ర సిరాతో రాయాలి. అమ్మమ్మ వణికే గొంతుతో పాడే నాలుగు చరణాలు మండపం దాటి వినబడనక్కరలేదు. చేతులు పట్టుకుని నిలబడిన ఆ నలుగురికీ వినబడితే చాలు.